బోణీ చెయ్యి

మా మరిది హైదరాబాదు ఉద్యోగం మానుకుని వచ్చిన తరవాత మా దుకాణానికి తొమ్మిదింపావు అనే ముహూర్తం ఒకటి వచ్చి చేరింది. అంతకు ముందు మాకు గడియారంతో పనిలేదు. మార్కాపురంలో మాది తాళ్ళ దుకాణం. పశువుల పలుపులు, మంద చుట్టూ కట్టే వలలు, మిరపకాయలు ఆరబోసుకునే పట్టాలు అమ్ముతాం. బస్సు దిగిన తొలి మనిషి ఎప్పుడు గడప తొక్కితే అప్పుడే మాకు బోణీ.

ఆ బోణీ సొమ్ము నన్నే అందుకోమనేది మా అత్త. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాడు ఆమెకు జ్వరం వస్తే గల్లాపెట్టె దగ్గర నేను కూర్చున్నాను. ఆ పొద్దున మందలవాళ్ళు గుంపుగా వచ్చి దుకాణంలో ఉన్న వలలన్నీ కొనుక్కుపోయారు. వానలు ముందే పడి, మందలన్నీ కొండ దిగి చేలల్లోకి వచ్చిన రోజులవి. ఎవరు కూర్చున్నా అమ్ముడుపోయే సరుకే. మా అత్త అలా అనుకోలేదు. "ఈ పిల్ల చెయ్యి చలవ" అంది. ఆ మాట మా వీధి దాటింది, ఊరు దాటింది. దుక్కికి పోయే రైతులు విత్తనం మూట తెచ్చి నా చేత ఒకసారి తాకించుకుని పోయేవారు. బోరు వేయించేవాళ్ళు కొబ్బరికాయ నా చేతికిచ్చి తీసుకునేవారు.

నాకు బడి చదువు లేదు. గిద్దలూరు పక్క పల్లెలో మా నాయనకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. అమ్మ లేదు. నన్ను ఇంట్లో ఒంటరిగా వదలలేక పక్కన కూర్చోబెట్టుకుని, పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద అక్షరాలు దిద్దించాడు, కూడికలు నేర్పించాడు, దేవుడి పద్యాలు చెప్పించాడు. పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన ఒక మంచిని తలుచుకుని దండం పెట్టుకోమనేవాడు. "ఏమీ జరగలేదు నాయనా" అంటే, "అన్నం తిన్నావు గదా, పెట్టుకో" అనేవాడు. ఆ అలవాటు నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే నా చేతిని జనం మెచ్చుకుంటే గర్వపడకుండా చెన్నకేశవుడికి దండం పెట్టుకున్నాను. కృతజ్ఞత చూపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏళ్ళు గడిచినా నా కడుపు పండలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తకుండా కాపాడింది ఆ చెయ్యే. అది పోతే ఆ ఇంట్లో నేను ఎవరినో నాకే తెలియదు.

మా మరిది మాట తియ్యన. దుకాణంలో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండేవాడు. ఏం చేస్తున్నావని అడిగితే విసుక్కోకుండా చెప్పేవాడు. నిన్న సాయంత్రం పది రూపాయల దగ్గర ఆగిన షేరు, రాత్రి ఏదో కబురు పుట్టి, పొద్దున బజారు తెరిచేసరికి పదకొండు దగ్గర తెరుచుకుంటుంది. ఆ పదికీ పదకొండుకీ మధ్య ధరల్లో ఎవరూ కొన్నదీ లేదు, అమ్మిందీ లేదు. ఒక్క గంతులో దాటేసింది. ఆ ఖాళీని గ్యాప్ అంటారు. అలా గంతేసిన దాన్ని తెరిచిన నిమిషంలోనే కొనాలి, ఇంకా పైకి పోతుండగా వేడి చల్లారకముందే అమ్ముకుని బయటపడాలి. అదీ అతని వ్యాపారం.

"పెద్ద కంపెనీలు ఎద్దులు వదినా, నడుస్తాయి. నేను కొనేటివి మేకపిల్లలు. ఎగురుతాయి" అనేవాడు.

"ఎగిరి ఎక్కడ పడతాయి?"

"పడేలోగా మనం ఉండం గదా!"

మొదట్లో మేకపిల్లలు అతన్ని బాగానే కుమ్మాయి. కొన్నదల్లా పడింది. మొహం వాడిపోయి తిరిగేవాడు. ఒకరోజు నేను దీపం పెట్టి, కుంకుమ చేతితోనే దుకాణంలోకి వచ్చాను. ఫోను నా ముందు పెట్టాడు.

"వదినా, ఈడ పచ్చగా ఉంది చూడు, దాని మీద వేలు పెట్టు."

"ఏందది?"

"బోణీ అనుకో. తాడు అమ్మితే బోణీ, ఇది కొంటే బోణీ కాదా?"

వేలు పెట్టాను. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా అతను లాభానికి అమ్మేసి, లేచి నా కాళ్ళకు దండం పెట్టబోయాడు. ఆ రోజు నుంచి రోజూ అదే. షేర్ల బజారు తెరిచేది తొమ్మిదింపావుకు. అంతకు ముందు తొమ్మిదింటికి ధర కుదురుతుండగా ఏది ఎగరబోతున్నదో చూసుకుని, "వదినా, చేతులు కడుక్కుని రా, గేటు తెరుస్తన్నారు" అని లోపలికి కేకేసేవాడు. పొయ్యి మీద పాలుంటే దించి పరిగెత్తేదాన్ని. వారాల తరబడి లాభమే వచ్చింది. అప్పుడు బజారు మొత్తం పైకి పోతున్న కాలమనీ, గుడ్డివాడు వేలు పెట్టినా పైకే పోయేదనీ ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా మా ఇంట్లో వినేవాళ్ళు కాదనుకోండి. వానలకు వలలు అమ్ముడుపోయినప్పుడు వినలేదు గదా.

నేను మాత్రం రోజూ పడుకోబోయే ముందు దండం పెట్టుకున్నాను. ఒకసారి మరిదిని అడిగాను.

"మనకొచ్చే ఈ డబ్బు ఎవరిది నాయనా?"

"మనకు అమ్మినోడిదీ, మన దగ్గర కొన్నోడిదీ."

"వాళ్ళకు పోయినట్టే గదా?"

"పోతే పోయిందిలే వదినా. తెలివి లేకపోతే పోతది."

ఆ రాత్రి కూడా దండం పెట్టుకున్నాను. తెలివి లేనివాడు ఏ ఊరివాడో, వాడి ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు కాబట్టి సులువుగానే పెట్టుకున్నాను.

అర్ధవీడు వైపు నుంచి మా దుకాణానికి ఒక అక్క వచ్చేది. చుట్టరికం ఏమీ లేదు. గొర్రెలు మేపుకునే కుటుంబం. మొగుడు పోయాక మందను తనే కాసుకుంటూ పిల్లను నర్సు చదువుకు పంపింది. పెద్ద గొంతు, ఎవరినీ లెక్కచేయదు. ఆమె ఒకనాడు మా తొమ్మిదింపావు ముహూర్తం కళ్ళారా చూసింది.

"ఏంది అబ్బయ్యా, వదిన చేత ఫోనుకు బొట్టు పెట్టిస్తన్నావు?"

"బొట్టు కాదక్కా, షేర్లు కొంటన్నాం."

"ఆటికి మేత ఏందో?"

"మేత లేదు, కాపలా లేదు. పొద్దున్నే కొంటాం, అంబలి తాగే వేళకు అమ్ముతాం."

"మేత లేకుండా పెరిగేది జుట్టూ గోళ్ళూ తప్ప ఇంకోటి నేను చూళ్ళా" అంది అక్క. దుకాణంలో అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ మా మరిదే నవ్వాడు. అతనికి కోపం రాదు.

కానీ ఆమె పోలేదు. నా వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగింది. "రోజూ నువ్వేనా తల్లీ చెయ్యి పెట్టేది?"

"నేనే అక్కా."

ఆ తరవాత వారం పొట్టేళ్ళను అమ్మిన డబ్బు చెంగున కట్టుకుని వచ్చింది. పిల్లకు చివరి ఏడాది ఫీజు కట్టడానికి ఇంకా గడువుందట. అందాకా ఊరికే ఉండే డబ్బే గదా అంది. మా మరిది చేతికి ఇయ్యలేదు, నా చేతిలో పెట్టింది. "నాకు ఆయబ్బి ఫోను తెలవదు. నీ చెయ్యి తెలుసు" అంది. వద్దని నేను అనేలోపు మా అత్త అందుకుంది. "పెట్టు, పెట్టు. దాని చెయ్యి ఎప్పుడన్నా తప్పిందా!"

మిరప కల్లాలకు పట్టాలు దింపుకునే కాలం వచ్చింది. ఏటా ఆ సరుకు కోసం దాచిపెట్టే డబ్బు ఉంటుంది. మా ఆయన దాన్ని తమ్ముడి చేతిలో పెట్టాడు, రెండు వారాల్లో ఇస్తానన్నాడని. ఆ పొద్దున ఒక కంపెనీ షేరు బాగా ఎగిరి తెరుచుకోబోతున్నది. ఎండతో కరెంటు తీసే పలకలు చేస్తుందట ఆ కంపెనీ. రాత్రే పెద్ద ఆర్డరు వచ్చిందని ఫోన్లో కబురు. అంతకు ముందు ఆ పేరు మేమెవరమూ వినలేదు. సరుకు డబ్బు, అక్క డబ్బు, వచ్చిన లాభం, అంతా ఒక్కదాని మీదే పెట్టాడు.

"వదినా, రా రా!"

వేలు పెట్టాను. పైకి కదిలింది. మా అత్త నా నెత్తిన చెయ్యి పెట్టింది. ఆ మురిపెం తీరకముందే అంకెలు ఎర్రబడ్డాయి. మేము కొన్న ధరకు వచ్చింది, దానికంటే కిందకు వచ్చింది.

ఈ వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది. తెరిచిన ధర కంటే కిందకు జారితే, ఎంత నష్టమైనా అప్పటికప్పుడు అమ్మేసి లేచిపోవాలి. అది నాకు చెప్పింది మా మరిదే. అందుకే అన్నాను.

"జారుతుంది నాయనా. అమ్మెయ్యి."

అతను వేలు ఫోను మీదకు తీసుకుపోయాడు. నేను చూశాను, తీసుకుపోయాడు. అంతలో మా అత్త అంది. "ఏందిరా నువ్వు చేసేది? బోణీ సొమ్ము నష్టానికి ఇస్తారా ఎవరన్నా? ఏడాదంతా అదే బేరం పట్టుకుంటది!"

మా దుకాణంలో అది నియమం. బోణీ సరుకు వెనక్కి తీసుకోరు, బోణీ బేరం నష్టానికి చేయరు. మా మామ కాలం నుంచీ వస్తున్నది. మరిది వేలు ఆగిపోయింది. హైదరాబాదులో ఇంజనీరింగు చదివిన వేలు.

"అది తాళ్ళ సంగతి అత్తా. దీనికి అది పట్టదు" అన్నాను.

"నువ్వు ఊరుకో. వదిన చేత్తో కొన్నది. నిలబడతది" అన్నాడు మరిది, నేను అక్కడ లేనట్టుగా.

మా నాయన కొట్లో బోణీకి అర్థం వేరు. తొలి బేరానికి వచ్చిన మనిషి, అది ఎవరైనా సరే, అడిగిన ధరకు ఇచ్చేసేవాడు. నష్టమైనా ఇచ్చేవాడు. "పొద్దున్నే కొంచెం పోగొట్టుకుంటే ఆశ అదుపులో ఉంటదమ్మా" అనేవాడు. ఆ మాట చెప్పాలని నోరు తెరిచాను. ఎవరూ నా వైపు చూడలేదు. ఆ ఇంటికి నా చెయ్యి కావాలి గానీ నా నోటితో పనిలేదని నాకు అప్పుడు తెలిసింది.

ఒక రోజులో షేరు ఇంతకంటే కిందకు పడకూడదని బజారువాళ్ళు ఒక కట్టు వేస్తారు. మధ్యాహ్నానికి మాది ఆ కట్టు దాకా వచ్చి ఆగింది. ఆగితే మంచిదే గదా అనుకున్నాను. మంచిది కాదు. అక్కడ అమ్మేవాళ్ళు వరస కట్టి నిలబడతారు, కొనేవాడు ఒక్కడూ ఉండడు. మర్నాడు పొద్దున మళ్ళీ గ్యాప్ వచ్చింది, ఈసారి కిందకు. తెరవడమే కట్టు దగ్గర తెరుచుకుంది. ఆ మర్నాడూ అంతే. అమ్ముతామని మరిది రోజూ పెడుతున్నాడు, ఎవరూ కొనడం లేదు. పెద్ద ఆర్డరు వచ్చిన మాట అబద్ధమని తేలింది. ఆ కబురు పుట్టించినవాళ్ళు మేము కొన్న నిమిషంలోనే మాకు అమ్ముకుని పోయారట. మేము వేలు పెట్టిన వేళకు ఎక్కడో ఒక ఇంట్లో దీపం వెలిగించి ఉంటారు. ఆ పొద్దున వాళ్ళకు మేమే బోణీ.

అప్పుడు మా ఇంట్లో జరిగిన విచారణ నేను మరిచిపోలేను. కబురు పుట్టించినవాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. దాన్ని నమ్మినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఆపిన మాట ఎవరిదో ఎవరికీ గుర్తు లేదు. మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆ పొద్దున నువ్వు తలకు పోసుకోవాల్సిన రోజా?"

"కాదత్తా."

"నిజం చెప్పు. ఏ ముట్టూ మైలా లేకుండానే చెయ్యి పెట్టినావా?"

"దేవుడి దగ్గర నుంచి లేచి వచ్చినాను గదా, నువ్వు చూడలేదా?"

"మరి ఎందుకు పోయినట్టు?"

జవాబు నాకు తెలుసు. ఆ పొద్దున చెప్తేనే ఎవరూ వినలేదు. మర్నాటి నుంచి గల్లాపెట్టె దగ్గర అత్త కూర్చుంది. నేను పూజ ముగించుకుని వచ్చేసరికే మా ఆయన దుకాణం తీసి బోణీ చేయించేవాడు. అంత పొద్దున ఎవరూ రారు కాబట్టి టీ కొట్టతన్ని పిలిచి సుతిలి తాడు ఉండ ఒకటి అమ్మేవాడు, నేను రాకముందే బేరం అయిపోవాలని. అడిగితే, "అమ్మ చెప్పింది" అన్నాడు. విత్తనం మూటలు రావడం మానేశాయి. ఎత్తని మాట కూడా ఎత్తారు. "గొడ్డు చెయ్యి" అన్నది ఎవరో నేను చెప్పను. గోడ ఇవతల ఉన్నాను, విన్నాను.

అయినా పడుకోబోయే ముందు దండం మానలేదు. అలవాటు. ఒక్కోరోజు ఏ మంచికి పెట్టుకోవాలో వెతుక్కోవాల్సి వచ్చేది. అన్నం తిన్నాను గదా అని పెట్టుకునేదాన్ని. నోట్లో చేదు ఉండగా పెట్టుకున్న దండాలు కేశవుడికి ఎట్లా చేరాయో ఆయనకే తెలియాలి.

ఒక పొద్దున మరిది కేక వినిపించింది. ఎన్నాళ్ళకో. "వదినా! కొనేవాళ్ళు వచ్చినారు!"

ధర బాగా కింద తెరుచుకుంది, కానీ కట్టు దగ్గర బిగుసుకోలేదు. ఎవరో కొంటున్నారు. అమ్మితే కొంతైనా చేతికి వస్తుంది. అమ్మెయ్యవయ్యా అన్నాను, వంటింట్లో నుంచే.

"నీ చేత్తో కొన్నది గదా వదినా. నీ చేత్తోనే అమ్మాలంట. అమ్మ చెప్తంది."

"మైల చెయ్యి అన్నారు గదా."

"ఇప్పుడవన్నీ ఎందుకు వదినా, మళ్ళీ పడతది!"

దుకాణంలోకి వచ్చి నిలబడ్డాను. అత్త నా మొహం చూడకుండా, "పెట్టమ్మా" అంది. ఆ పిలుపు విని చాలా రోజులైంది.

"పెడతాను. వచ్చినదాంట్లో ముందు అక్క డబ్బు తియ్యాలి. పూర్తిగా. తరవాతే మన సరుకు" అన్నాను.

"ఆమె తెలిసి పెట్టింది. లాభమైతే తీసుకోదా? నష్టం మాత్రం మనకా?" అంది అత్త.

"ఆమె నా చేతిలో పెట్టింది."

మా ఆయన వైపు చూశాను. తాళ్ళ చుట్టలు సర్దుకుంటున్నాడు. మరిదికి ఆగే ఓపిక లేదు. "సరే వదినా, సరే, ఒప్పుకున్నా, పెట్టు!" అన్నాడు. వేలు పెట్టాను. అమ్ముడుపోయింది. మర్నాడు ఆ షేరు మళ్ళీ కట్టు దగ్గరికి పడి బిగుసుకుంది.

ఆ సాయంత్రం మా అత్త పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను. "మావాడు సమయానికి కనిపెట్టి బయటపడినాడు. బుర్ర ఉండబట్టి సరిపోయింది." కొన్నప్పుడు చెయ్యి నాది, పోయినప్పుడు చెయ్యి నాది. కొంత మిగిలినప్పుడు బుర్ర మావాడిది. అతను ఆ మాట సరిదిద్దుతాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. అతను ఫోను చూసుకుంటున్నాడు. పైకి కాకుండా కిందకు తెరుచుకునే షేర్లతో కూడా సంపాదించవచ్చట, కొత్తగా నేర్చుకుంటున్నాడు.

అక్క డబ్బు పూర్తిగా ఇవ్వలేదు. ఇచ్చిన మాట నిమిషం సేపు నిలిచింది. సరుకుకు తీసుకుని, మిగిలింది నా చేతికిచ్చారు. ఆమె పెట్టినదాంట్లో సగం కూడా లేదు. నా చెవి కమ్మలు అమ్మి దానికి కలిపాను. అయినా నిండలేదు.

కబురు పంపితే అక్క వచ్చింది. ఇచ్చిన డబ్బు కొంగులో కట్టుకుంది, లెక్క చూసుకోలేదు. అరుస్తుందని ఎదురుచూశాను. అరిస్తే బాగుండుననిపించింది.

"పిల్ల ఫీజు అక్కా?"

"ఇంకో నాలుగు ఈనిన గొర్రెల్ని అమ్మినాలే. కట్టేసినా." ఆమె మా మరిది వైపు చూసి, "ఏమబ్బయ్యా, నీ మేకపిల్లలు ఏ కొండ ఎక్కినాయి?" అంది. అతను లేచి లోపలికి పోయాడు. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను. ఆ రాత్రి దండానికి నాకు వెతుక్కునే పని ఉండదనుకున్నాను.

పోయేముందు పొట్టేలుకు పలుపు ఒకటి కావాలంది. మంచిది ఏరి, కొసలు చూసి, చుట్టచుట్టి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి ముందుకు రాలేదు.

"ఆడ పెట్టు తల్లీ, నేను తీసుకుంటాలే."

"కోపమా అక్కా?"

"నీ మీదనా? ఎవరన్నా అంటే నాలుక కోస్తా." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు కమ్మలు అమ్మినావని నాకు తెలవదనుకున్నావా? అయినా ఇప్పుడు మందలో మిగిలినయి కాసిని జీవాలే. ఏమనుకోవాక."

పలుపు బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని అక్కడ నుంచి తీసుకుని, డబ్బు కూడా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయింది.